ఎంక్వైరీ కోసం పెట్టిన పొయ్యి

పింఛన్ తెచ్చుకునే రోజున మా అన్న ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు. మిగతా రోజుల్లో ఆ చొక్కా గోడ మేకుకే ఉండేది. పోస్టాఫీసు మెట్ల దగ్గర ముసలమ్మలూ, ఆయనలా చంకలో కర్రలున్నవాళ్ళూ పొద్దున్నే చేరేవారు. వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవడం ఎంతసేపు! అసలు కార్యక్రమం ఆ తర్వాత, ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు మిర్చిబజ్జీల బండి దగ్గర. అక్కడ అన్న ఎవరినీ జేబులో చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

"ఇయ్యాల నా జీతం పడ్డది. తినుండ్రి" అనేవాడు.

ఇంటికొచ్చేటప్పుడు నా భార్యకు ఒక పొట్లం తెచ్చేవాడు. నాకు మాత్రం ఒక్కనాడూ తేలేదు. "నీకు నూనె పడదు గద తమ్మీ" అనేవాడు. నాకు నూనె బ్రహ్మాండంగా పడుతుంది. కానీ నెలకొకసారి నన్ను ఆటపట్టించే హక్కు కూడా ఆ పింఛన్‌లో భాగమని నాకు తెలుసు కాబట్టి, ఊరుకునేవాణ్ణి.

మాది కల్లు గీసే ఇల్లు. అన్న మీసాలు రాకముందే తాటిచెట్టెక్కాడు. నాకు కింద నిలబడి పైకి చూసినా కళ్ళు తిరిగేవి, అందుకని డిగ్రీ చదివాను. ఒక ఎండాకాలం నడుముకు కట్టుకునే మోకు తెగి అన్న చెట్టు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ, ఎడమ కాలు మాట వినడం మానేసింది. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు, ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మానాన్నలు పోయాక అన్న, నేను, నా భార్య ఒకే ఇంట్లో, ఒకే రేషన్ కార్డులో ఉండిపోయాం.

పడటం అనే మాట మా ఇంట్లో తిరిగినన్ని తిరుగుళ్ళు ఇంకెక్కడా తిరిగి ఉండదు. అన్న చెట్టు మీది నుంచి పడ్డాడు కాబట్టి పింఛన్ పడింది. బొంగులూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు పడింది కాబట్టి నాకు పని పడింది. భూముల ధరలొక్కటే పడలేదు. అవి చెట్టెక్కి కూర్చున్నాయి, వాటి మోకు ఎవరు పేనారో గానీ.

నా పని వెంచర్ ఆఫీసులో. పట్నం నుంచి వచ్చేవాళ్ళకు ప్లాట్లు చూపించాలి. తాటిచెట్లు కొట్టేసిన భూమిలో నిలబడి, బ్రోషర్లో ఇంకా నాటని విదేశీ ఖర్జూర చెట్లను చూపించేవాణ్ణి. వచ్చేవాళ్ళు బైకు వెనక కూర్చుని ఎండలో తిరిగే రకం కాదు. "కారుంటే కస్టమరు ఉంటడు, లేకుంటే లేడు" అని మా మేనేజరు తేల్చేశాడు. అందుకని ఎవరో వాడి వదిలేసిన తెల్ల కారొకటి కొన్నాను.

అది ఇంటికి వచ్చిన రోజు అన్న కర్రలు వెనక సీట్లో పడేసి ముందు కూర్చున్నాడు. యాచారం దాకా తిప్పుకొచ్చాను. దారిలో కనిపించిన ప్రతి మనిషికీ కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"తాడిచెట్టెక్కినంత ఎత్తు లేదు గని, మస్తున్నది తమ్మీ" అన్నాడు.

కొన్నాళ్ళకు, ఒక పింఛన్ రోజున, అన్న బజ్జీల పొట్లం లేకుండా తిరిగొచ్చాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, మంచం మీద కూర్చున్నాడు.

"ఏమైంది బావా?" అంది నా భార్య.

"నా పేరు రాలేదమ్మా. షావుకార్ల లిస్టుల ఎక్కించిండ్రంట" అని నవ్వాడు.

మర్నాడు మండలాఫీసుకు తీసుకెళ్ళాను. పింఛన్ల గుమాస్తా కంప్యూటర్ వైపు చాలాసేపు చూసి, అన్న వైపు తిరిగాడు.

"కాకా, మీ ఇంట్ల కారున్నది గద?"

"అవ్, ఉన్నది. మా తమ్ముంది" అన్నాడు అన్న. ఆ గొంతులో ఇంకా గర్వమే ఉంది.

"గదే మరి. ఒక్క కార్డు, ఒక్క కుటుంబం. కారుంటే పింఛన్ కట్."

"కారు తమ్ముంది సార్. కాలు నాది."

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. "నిజమే కాకా. గని కంప్యూటర్ల కాలు కనవడదు, కారు కనవడ్తది."

నాకున్న చెడ్డ అలవాటు మాటలతో ఆడుకోవడం. ఆ క్షణంలో నా బుర్రలో వచ్చిన వాక్యం ఇది: 'కారున్నవారు పేదవారు కారు.' ఎంత బాగా కుదిరిందో అని నాలో నేనే మురిసిపోయాను. పెదవి మీదికి నవ్వు కూడా వచ్చింది. తల తిప్పితే అన్న నన్నే చూస్తున్నాడు. నేను ఎందుకు నవ్వానో ఆయన అడగలేదు. కర్రలు చంకల్లోకి సర్దుకున్నాడు.

దరఖాస్తు ఇచ్చాం. పైకి పంపామన్నారు. పై నుంచి రాలేదన్నారు. కొత్త కార్డులు వస్తున్నాయి, పాతవి కదిలించకూడదన్నారు. కొత్తవి వచ్చాక, పాతవాటిలోనే సరిచేసుకోవలసింది అన్నారు. నేను అన్నను ప్రతిసారీ ఆ కారులోనే తీసుకెళ్ళేవాణ్ణి. పేదవాడని రుజువు చేయడానికి కారులో వెళ్ళడం బాగుండదు కదా, అందుకని దాన్ని ఆఫీసు వెనక సందులో ఆపేవాణ్ణి. అక్కణ్ణుంచి గేటు దాకా నేను రెండు నిమిషాల్లో నడిచే దూరాన్ని అన్న కర్రలతో ఆగి ఆగి నడిచేవాడు. కారును దాచడం కోసం కాలు పనిచేయని మనిషిని నడిపించాను.

"గేటు కాడనే దిగుత తీ" అన్నాడొకసారి.

"ఎవలన్న చూస్తే అన్నా..."

"చూస్తే ఏంది? వాళ్ళ కంప్యూటర్ చూడనే చూసె."

అయినా సందులోనే ఆపాను.

ఆ నెలల్లో అన్న బస్టాండు వైపు పోవడం మానేశాడు. నేను జేబులో డబ్బు పెట్టబోతే తీసుకునేవాడు, కాదనేవాడు కాదు. కానీ ఆ డబ్బుతో బజ్జీలు మాత్రం కొనలేదు. సబ్బు, బ్లేడు, నొప్పి మాత్రలు, అంతే. ఆయనకు పోయింది డబ్బు కాదని అప్పుడు నాకర్థమైంది. మా ఇంట్లో అన్నానికి కొదవ లేదు, కానీ ఎవరినీ 'తినుండ్రి' అనే వీలు ఆయనకు లేకుండా పోయింది.

చివరికి గుమాస్తాకే మా మీద జాలి కలిగింది. ఒక మధ్యాహ్నం గొంతు తగ్గించి చెప్పాడు.

"రెండే తొవ్వలున్నయ్ అన్నా. కారన్న తీసెయ్, లేకుంటే కాకనన్న తీసెయ్."

"తీసెయ్యడమంటే?"

"వేరు కార్డు. వేరున్నమని రాసియ్యిండ్రి. గిర్దావర్ సారు ఎంక్వైరీకొస్తడు. పొయ్యి చూస్తడు. వేరు పొయ్యి ఉంటె వేరు కుటుంబమే, గోడ ఒక్కటైనా ఫికర్ లేదు."

మా వైపు అన్నదమ్ములు విడిపోయారంటే ముందు విడిపోయేది పొయ్యే. పొలాలూ గోడలూ తర్వాత పంచుకుంటారు. రెవెన్యూ తనిఖీలు చేసే ఆ గిర్దావర్ పుట్టింది కూడా ఈ పక్క ఊళ్ళలోనే. ఆయనకు పొయ్యి కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇద్దరం కారులో తిరిగొస్తున్నాం. నా నోటి చివర ఒక మాట ఉంది: 'అమ్మేస్తా అన్నా.' అది నిజంగా నాలుక దాకా వచ్చిందో, ఇప్పుడు రాసుకునేటప్పుడు నేనే తెచ్చి పెట్టుకుంటున్నానో చెప్పలేను. ఈలోపు అన్నే అన్నాడు.

"కారు అమ్మకు. గది నీకు బువ్వ పెడ్తది."

"మరి నీకు?"

"నాకు పింఛన్ పెడ్తది. ఉత్త కాయిదమే గద తమ్మీ. రాసియ్యి."

నేను గేరు మార్చాను. ఆయన ముందుగా అనేసినందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో ఆ గేరుకు తెలుసు, అంత మెత్తగా అది ఎప్పుడూ పడలేదు.

నా భార్య మాత్రం మెత్తగా పడలేదు.

"బావను వేరు పెడ్తవా? ఊరోళ్ళు నిన్నంటరా? నన్నంటరు! అన్నం పెట్టక ఎల్లగొట్టిందంటరు."

"ఉత్త కాగితమే."

"కాగితం ఎవలు చూస్తరు? పొగ చూస్తరు."

వాకిలి పక్కన ఒకప్పుడు గడ్డి వేసుకున్న గది ఉంది. దాన్ని అలికి, అన్న మంచం అందులో వేశాం. నా భార్య తిట్టుకుంటూనే మట్టి తెచ్చి పొయ్యి వేసింది. ఆరిన పొయ్యి మరీ పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. మసి లేకపోతే గిర్దావర్ నమ్మడని అన్న దాని ముందు కూర్చుని, ఖాళీ గిన్నె పెట్టి ఎండుకంప మంట వేశాడు. ఆ పొగకు ముగ్గురం కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. మేం ముగ్గురం కలిసి అలా నవ్వడం ఆ గదిలో అదే చివరిసారి.

గిర్దావర్ సోమవారం వస్తాడన్నారు. రాలేదు. శుక్రవారమన్నారు. ఎలక్షన్ డ్యూటీ అన్నారు. మహేశ్వరం వెళ్ళాడన్నారు. ఏ పూటైనా రావచ్చు, వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉండకూడదు. అందుకని అన్న రోజూ వండడం మొదలుపెట్టాడు. మొదట్లో అన్నం ఒక్కటే వండి, పచ్చిపులుసు కలుపుకునేవాడు. ఎంక్వైరీ కోసం పొయ్యి పెట్టుకుని, పొయ్యితో పనిలేని పులుసు చేసుకున్నది ఇబ్రహీంపట్నం మొత్తంలో ఆయన ఒక్కడే అయ్యుంటాడు. కూర నా భార్య కొంగు చాటున తీసుకెళ్ళి ఇచ్చేది.

ఒకరోజు నల్లా దగ్గర పక్కింటి అక్క అననే అంది: "ఏమే, కారు ఇంట్లకొచ్చింది, బావ బయటికి పోయిండు? జాగ సాల్లేదా?"

బిందె సగం నిండకుండానే నా భార్య ఇంటికి వచ్చేసింది. "సంతకం నువ్వు పెట్టినవ్, మాటలు నేను పడుతున్న" అంది. ఆ సాయంత్రం నుంచి కూర వెళ్ళలేదు. ఆమెను తప్పు పట్టలేను. నేనే గిన్నె తీసుకెళ్ళి ఉండవచ్చు. కస్టమర్లున్నారు, పొద్దుపోయి వచ్చేవాణ్ణి, అన్న గదిలో దీపం అప్పటికే ఆరిపోయి ఉండేది. ఇవన్నీ నిజాలే. నిజాలన్నీ నా వైపే ఉండటం నాకు ఇప్పటికీ నచ్చదు.

అన్న కూర వండటం నేర్చుకున్నాడు. నేను కారు ఆపుతుంటే ఒక్కోసారి పోపు వాసన వచ్చేది. జొన్నరొట్టె చప్పుడు వినిపించేది. ఒకనాడు ఆగి, "ఎట్లున్నవ్ అన్నా?" అని గుమ్మంలోంచి అడిగాను. ఒక్క ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకరినొకరు అలా అడగరు. అడిగాక ఆ సంగతి తెలిసింది.

వానాకాలం దాటాక గిర్దావర్ వచ్చాడు. నేను ముందే సిద్ధం చేసుకున్న అబద్ధాలతో వెంట నడిచాను. ఒక్కటీ అవసరం పడలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గూట్లో ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా, ఎండబెట్టిన చింతపండు. పొయ్యి నల్లగా, బుగ్గలు పగిలి, పాతబడిపోయింది. ఒక పక్క పగులుకు అన్న తనే మట్టి మెత్తాడు.

"ఎన్నొద్దులాయె వేరుండవట్టి?" అన్నాడు గిర్దావర్.

అన్న నా వైపు చూడలేదు. "మస్తు దినాలాయె సార్" అన్నాడు.

గిర్దావర్ పప్పు గిన్నెలోకి తొంగి చూసి, నా వైపు తిరిగాడు. "నేను చానా పొయ్యిలు చూసిన. ఎంక్వైరీ కోసం పెట్టినయి ఇట్టే ఎర్కైతయ్. గిది నిజమైన పొయ్యి."

నేను చేతులు జోడించాను. మేం అబద్ధం చెప్పాలనుకున్నాం, ఆయన ఆలస్యంగా వచ్చి దాన్ని నిజం చేసేశాడు. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

పింఛన్ మళ్ళీ పడింది. ఇస్త్రీ చొక్కా మేకు దిగింది. ఆ రోజు బజ్జీల పొట్లం నా భార్యకు అందింది. ఆమె దాన్ని విప్పకుండా గుమ్మంలో నిలబడి, "ఇగ ఇంట్లకు రా బావా, పని అయిపాయె గద" అంది.

"మళ్ల చెకింగ్ అస్తే ఏంజేస్తవమ్మా?" అన్నాడు అన్న. నవ్వుతూనే అన్నాడు. నా భార్య పొట్లం పట్టుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత ప్లాట్ల బేరాలు మందగించాయి. వెంచర్ ఆఫీసు ఒక పొద్దున తెరవలేదు. పని పోయినవాడికి పింఛన్ ఇచ్చే కిటికీ మా మండలాఫీసులో లేదు. ఉన్నా, అక్కడ నిలబడే మొహం నాకు లేదు. కారు అమ్మేశాను. కొన్నవాడు దాన్ని తీసుకుపోతుంటే అన్న తన గుమ్మంలో కూర్చుని చూశాడు. అది మలుపు తిరిగేదాకా చూశాడు.

ఆ సాయంత్రం నేను ఆ గదికి వెళ్ళాను. పొయ్యి మీద గుడ్ల పులుసు కుతకుతలాడుతోంది.

"కారు పోయింది అన్నా. ఇగ ఎవలూ అడగరు. వచ్చెయ్యి. మనం ఎన్నటిలెక్కనే..."

అన్న పులుసులో గరిటె తిప్పాడు. జవాబుకు బదులు గోడకు వేలాడుతున్న రెండో పళ్ళెం చూపించాడు. అది ఎప్పుడు కొన్నాడో నాకు తెలియదు.

"గా పళ్ళెం కడుక్కొని కూసో. పనిలేనోనివి, యాళ్ళకు తింటున్నవా లేదా?"

కడుక్కుని కూర్చున్నాను. అన్నం పెట్టి, గుడ్డు రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నా పళ్ళెంలో వేశాడు. పులుసు పోయబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఇంట్ల చెప్పొచ్చినవా తమ్మీ, ఈడ తింటున్నవని? పాపం, ఆమె ఎదురుచూస్తది."