ఖాళీ కేబిన్ పైకే పోతుంది

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని పనిలో అందరూ నెమ్మదయ్య అనేవాళ్లు. అసలు పేరు జీతం చీటీ దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. కరెంటు పోయి జనం లిఫ్టులో ఇరుక్కుంటే, మేడ మీది మోటారు గదికెక్కి మీట లాగి బ్రేకును చేత్తో వదలడం ఆయన పని. కొత్తవాళ్లు మీటను ఒక్కసారిగా లాగేస్తారు. ఆయన బ్రేకును కొంచెం వదిలి, పట్టి, మళ్లీ కొంచెం వదిలేవాడు. టక్, టక్ మంటూ కేబిన్ జానెడు జానెడు కదిలేది.

ఎవరైనా తొందరపడితే, "బ్రేకు వదిలేస్తే ఖాళీ కేబిన్ ఎటు పోతుంది?" అని అడిగేవాడు. కిందికి అన్నవాడికి మొట్టికాయ. "పైకే పోతుందిరా. తాడుకు అవతలి కొసన ఇనప దిమ్మెలు వేలాడుతుంటాయి, మనుషుల బరువుకు ఎదురు నిలవడానికి. మనుషులు దిగిపోయారని వాటికేం తెలుసు? అవి లాగుతూనే ఉంటాయి."

ఆరేళ్ల కిందట నిచ్చెన జారి, కేబిన్ కింద ఉండే లిఫ్టు గుంటలో పడ్డాడు. నడుం పూస చితికింది. కంపెనీ రెండు వారాల సెలవిచ్చింది, కంపెనీ డాక్టరు నల్లమందు జాతి నొప్పి మాత్రలిచ్చాడు. సెలవు అయిపోయింది, మాత్రలు అయిపోలేదు. రోజుకు రెండు ఆరయ్యాయి, ఆరు పద్నాలుగయ్యాయి. నొప్పి ఇంకా ఉందో లేదో ఆయనకే తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. పనికొస్తున్న మనిషిని ఎవరడుగుతారు?

బయటపెట్టింది బామ్మర్ది. అతనిదీ అదే పని. బావ పైన మీట పట్టుకుంటే తను కింద గుంటలో నిలబడేవాడు. ఒకరోజు సిమెంటు బస్తాలతో ఉన్న కేబిన్ అతని తలకు మూరెడు దూరం దాకా వచ్చి ఆగింది. పైకెళ్లి చూస్తే, బావ మీట మీద చెయ్యేసి జోగుతున్నాడు.

"నీ చేతి కింద నేనిక నిలబడను బావా" అన్నాడు బామ్మర్ది. కోపంగా కూడా అనలేదు. అదే గుచ్చుకుంది.

ఆ సాయంత్రమే నెమ్మదయ్య ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మురుగు కాలవలో పోశాడు. ఏ మాత్రయినా ఇక వద్దనుకుని, బీపీ మాత్రలు కూడా వాటితోపాటే పోశాడు.

"డాక్టర్ని అడిగి మానొచ్చుగా?" అంది భార్య. నాలుగిళ్ల బట్టలు తెచ్చి ఇస్త్రీ చేస్తుంది ఆమె.

"అడిగితే చీటీలో రాస్తాడు. చీటీ కంపెనీకి పోతుంది. ఆ తర్వాత నీ పక్కన నిలబడి నేనూ ఇస్త్రీ చేసుకోవాలి."

"చేద్దువుగాని. కాలర్లు కాల్చకపోతే చాలు."

మొదటిరోజు ఆవలింతలు. ముక్కూ కళ్లూ కారుతుంటే జలుబనుకున్నారు. రెండోరోజు ఒంటిమీద వెంట్రుకలన్నీ నిక్కాయి, పక్కమీద కాళ్లు వాటంతటవే తన్నుకున్నాయి. తాగిన నీళ్లు తాగినట్టే వాంతయ్యాయి. చెమటకు దుప్పటి తడిసింది, ఆ తడికే మళ్లీ వణుకు. మెడ మీద వేలు పెట్టి గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. నిమిషానికి నూట ముప్పై.

"ఆస్పత్రికి పోదాం" అంది భార్య.

"దీంతో ఎవరూ చావరే. మందులకొట్టాయనే చెప్పాడు."

"ఆయన నీకు అమ్మినవాడు."

మూడోరోజు మధ్యాహ్నం గుండె పరుగు మాని తడబడింది. రెండు కొట్టుకుని ఒకటి మింగేది. పెదాలు నీలమయ్యాయి. భార్య తమ్ముడికి ఫోన్ చేసింది. లిఫ్టు లేని ఆ ఇంటి నాలుగంతస్తులూ బామ్మర్ది బావను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కింటాయన సాయంతో దించాడు.

"లిఫ్టున్న ఇల్లు తీసుకోమంటే విన్నావా?" అన్నాడు రొప్పుతూ. బావ నవ్వలేకపోయాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "ఒంటిని ఉలిక్కిపడేలా చేసే నరాల గుత్తి ఒకటి మెదడు అడుగున ఉంటుంది. మీ మాత్రలు ఆరేళ్లు దాన్ని తొక్కిపట్టాయి. ఆ బరువుకు తగ్గట్టు అదీ బలం పెంచుకుంది. మీరు బరువు తీసేశారు, బలం అలాగే ఉంది. అదే ఇప్పుడు గుండెను తరుముతోంది. బీపీ మాత్ర కూడా ఆపేశారు. వాంతులతో లవణాలు పోయాయి. అసలే అలిసిన గుండె, దెబ్బతింది. మా దగ్గరికొస్తే నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించేవాళ్లం."

"ఖాళీ కేబిన్" అన్నాడు నెమ్మదయ్య, నోరు పెగల్చుకుని. డాక్టరమ్మకు అర్థం కాలేదు. మంచం చివర నిలబడ్డ బామ్మర్ది తల దించుకున్నాడు.

ప్రాణం దక్కింది. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పిన లెక్కన భార్య ప్రతి పొద్దునా నొప్పి మాత్ర కొలిచి చేతిలో పెడుతుంది, రెండు వారాలకోసారి కాస్త తగ్గిస్తుంది. చీటీ కంపెనీకి పోనే పోయింది. మెట్లెక్కకూడని మనిషిని ఫోన్లెత్తే కుర్చీలో కూర్చోబెట్టారు. పది అడుగులు నడిస్తే ఆయాసం.

ఒక మధ్యాహ్నం బామ్మర్ది రెండు టీలు పట్టుకొచ్చాడు. నెమ్మదయ్య అడిగాడు.

"ఈ మాత్రలు పూర్తిగా మానేశాక, ఒక్కసారి నేను మీట పడితే, కింద నిలబడతావా?"

బామ్మర్ది బూట్ల తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"టీ చల్లారిపోతోంది బావా" అన్నాడు.

నెమ్మదయ్య గ్లాసు ఎత్తాడు. రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది.