జపాను బాబుగారి కూరన్నం

మా నాయనమ్మ షాజాదీ వంట విషయంలో ఎవరికీ తల వంచిన మనిషి కాదు. ఉప్పెక్కువైందంటే తినేవాడి నాలుకదే తప్పనేది. చిలకలూరిపేటలో ఓ స్పిన్నింగ్ మిల్లు గెస్ట్‌హౌస్‌లో పన్నెండేళ్లుగా గరిటె తిప్పుతోంది. అలాంటిది, ఒక్క పళ్లెం గురించి మాత్రం ఇప్పటికీ కుమిలిపోతుంటుంది.

పోయినేడు కొత్త యంత్రాలు బిగించడానికి జపాను నుంచి నకమూర అనే ఇంజనీరు వచ్చాడు. మన కారానికి రెండోరోజే కడుపు చెడి, మూడు నెలలు పెరుగన్నంతో నెట్టుకొచ్చాడు. వెళ్లిపోయే ముందురోజు పెట్టె అడుగునుంచి చాక్లెట్ బిళ్లలాంటి కూర మసాలా ముద్ద తీసి షాజాదీ చేతిలో పెట్టాడు. పని పూర్తయిన రోజు తిందామని దాచుకున్న ఆఖరి ముద్దట. బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయ ఉడికించి, అందులో దీన్ని కరిగించి, అన్నం పక్కన పొయ్యాలని బొమ్మ గీసి చూపించాడు.

మేనేజరు రామకాంత్ గారు ఊరుకోక దాని పుట్టుపూర్వోత్తరాలు విప్పారు. అది మన మసాలాయేనట. ఇంగ్లీషువాళ్ల ఓడలెక్కి వాళ్ల దేశం పోయి, డబ్బాల్లో పొడిగా మారి, అక్కణ్ణుంచి జపాను చేరిందట. వాళ్లు పిండి కలిపి చిక్కగా, తియ్యగా తమ ఇంటి కూర చేసుకున్నారట. షాజాదీ చెవులు మాత్రం మనదేనన్న మాట దగ్గరే ఆగిపోయాయి.

అది రంజాన్ నెల. రోజా ఉపవాసంలో ఉంది కాబట్టి రుచి చూడదు. రంగు, వాసన చూసే వండుతుంది. కూర మట్టిరంగులో ఉంది. పాపం, దారిలో కారం పోగొట్టుకుందనుకుంది. మనవాళ్లకైతే ఆరు చెంచాల కారం పడేది. బాబుగారి కడుపు తలచుకుని రెండే వేసింది. ఆమె లెక్కలో అది చప్పిడి కూడు.

నకమూర ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. మొదటి చెంచా తిని ఆగాడు. రెండోదానికి ముక్కు ఎర్రబడింది. తనకొచ్చిన ఒక్క తెలుగు మాట, "బాగుంది" అని చెప్పి, పెరుగు అడిగాడు.

సాయంత్రం ఖర్జూరంతో రోజా విడిచాక షాజాదీ గిన్నె అడుగుది నోట్లో వేసుకుంది. కారం కింద మెత్తని తీపి తగిలింది. ఆయన మూడు నెలలు దేనికోసం కాచుకున్నాడో అప్పుడు తెలిసింది. తెల్లారి పరుగున వెళ్లేసరికి కారు వెళ్లిపోయింది, గది ఊడుస్తున్నారు.

ఆయనేమీ అనుకోలేదని రామకాంత్ గారు సర్దిచెప్పబోయారు.

"అదే సార్ నా బాధ. నాలుగు తిట్టిపోయినా బాగుండేది. అన్ని దేశాలు తిరిగి పుట్టింటికొచ్చిన పిల్లని గుమ్మంలోనే కొట్టి పంపాను."

ఇప్పుడు రంజాన్‌లో కూర దించేముందు రామకాంత్ గారినే వంటింట్లోకి పిలిచి చెంచా చేతికిస్తుంది. ఆయన తలూపితే నమ్మదు. రెండో చెంచా తినిపించి, ముక్కు వంక చూస్తుంది.