కుడి అంటే ఎవరి కుడి?

ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషి సొంత మొగుడికి నేర్పలేకపోయిందంటే వినేవాళ్ళకి ఎంత సరదాగా ఉంటుందో నేను వేరే చెప్పాలా? మన బ్రేకమ్మ ప్రస్తావన వస్తే చాలు, ఆ ఒక్క సంగతీ చెప్పుకుని నవ్వుకోకుండా ఎవరూ టీ గ్లాసు కింద పెట్టేవారు కాదు. ఆమె డ్రైవింగ్ స్కూలు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. నేర్చుకునేవాళ్ళకి ఎడం పక్క సీట్లో కూర్చుంటుంది. ఆమె కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని ఎంత జోరుగా తొక్కుతుందంటే, వెనక సీట్లో పెట్టుకున్న సంచీలు ముందు సీట్లోకి వచ్చి పడతాయి. పేరు అలా వచ్చింది. అసలు పేరు ఆమెకి కూడా సంతకం పెట్టేటప్పుడే గుర్తొస్తుంది.

ఆమె భర్తది కళ్ళద్దాల షాపు. ఆయనకి నోట్లో నాలుక లేదని అందరూ అనుకుంటారు గానీ, ఉంది. వాడడమే తక్కువ. యాభై దాటాక ఆయనకి ఉన్నట్టుండి లైసెన్సు మీద మనసు పడింది. ఐదుసార్లు పరీక్షకి వెళ్ళాడు, ఐదుసార్లూ తప్పాడు. ప్రతిసారీ ఇన్‌స్పెక్టరు చెప్పేది ఒకటే: మలుపు దగ్గర, తిరగాల్సిన వైపు చూడకుండా తిప్పేస్తున్నాడని.

ఆ మాట బ్రేకమ్మకి కొత్తేం కాదు. పాఠం చెప్పేటప్పుడూ అదే వరస. కుడికి తిరగమంటే ఆయన తీరిగ్గా మొహం ఆమె వైపు తిప్పేవాడు. నా మొహంలో ఏముంది, రోడ్డు చూసి ఏడవండి అని ఆమె కసిరేది. పోనీ ఎడమకి తిరగమంటే కుడి పక్క కిటికీలోంచి షాపుల బోర్డులు చదువుతున్నట్టు చూసేవాడు. ఆమె ఒంటికాలి మీద లేచేది. అంటే, ఆ ఒంటికాలితో బ్రేకు తొక్కేది. కారు ఆగేది, ఆయన కళ్ళజోడు ముక్కు చివరకి జారేది, అక్కడితో ఆ రోజు పాఠం ముగిసేది.

ఐదోసారి కూడా తప్పిన రోజు, భోజనాల దగ్గర, ఆయన పొదుపు చేసుకున్న మాటల్లోంచి ఒకటి బయటకి తీశాడు.

"ఈసారి కూడా పోతే పక్క వీధిలో చేరతాను."

పక్క వీధిలో ఉన్నది ఇంకో డ్రైవింగ్ స్కూలు. దాన్ని నడిపేవాడు ఎవరనుకున్నారు? ఒకప్పుడు ఈమె దగ్గరే గేర్లు మార్చడం నేర్చుకున్నవాడు. కట్టుకున్నవాడు వెళ్ళి వాడి కారెక్కితే ఇంకేమైనా ఉందా! బోర్డు పీకేసి ఇంట్లో కూర్చోవడమే. ఆమెకి తల కొట్టేసినట్టయింది. తర్వాతి పరీక్షకి గట్టిగా మూడు వారాలుంది. ఎలాగైనా ఆ మూడు వారాల్లో ఈ మహానుభావుడు పక్కలకి చూసేలా చెయ్యాలి.

అప్పుడు గుర్తొచ్చింది, వెనక గదిలో దుప్పటి కప్పుకుని పడి ఉన్న తమ్ముడి రేసు కుర్చీ. తమ్ముడు మెకానిక్కు, రేసుల పిచ్చోడు. చిన్న ఇంటికి మారేటప్పుడు ఆ కుర్చీని, దానికి బిగించిన స్టీరింగునీ, పెడల్సునీ, కంప్యూటర్నీ, ఒక తెరనీ అక్క నెత్తిన పెట్టి పోయాడు. కూర్చుని ఆట పెట్టుకుంటే రేసు కారు నడిపినట్టే ఉంటుంది. రేసు వద్దనుకుంటే ఊరి రోడ్ల మీద ఊరికే తిరగొచ్చు. దుప్పటి తీసి, దుమ్ము దులిపి, ఆయన్ని కూర్చోబెట్టింది. తెర ఒక్కటే కావడంతో ముందున్న రోడ్డు తప్ప పక్క సందు కనబడలేదు. పక్కలకి చూడని మనిషికి పక్కలే లేని కారు ఇస్తే ఇక అడ్డేముంది, హాయిగా ముక్కుసూటిగా పోయాడు. అలా కాదని, తెరలు కొనడానికి ఇద్దరూ బయల్దేరారు.

షాపువాడు వీళ్ళని చూడగానే ఒక పొడుగాటి వంపు తెర ముందు నిలబెట్టి, ఇదొక్కటి చాలమ్మా అంటూ అరచేతిలో వైకుంఠం చూపించాడు. బ్రేకమ్మ దాదాపు బుట్టలో పడిపోయింది. అప్పుడు కళ్ళద్దాలాయన ఒక కుర్చీ అడిగి, తెర ముందు వేసుకుని కూర్చుని, జేబులోంచి టేపు తీసి తన కంటి దగ్గర్నుంచి తెరకి ఎంత దూరమో కొలిచాడు. ఎదుట ఎంత కనబడుతుందో, చెవి పక్కన ఎంత కనబడదో వేలితో గీసి చూపించాడు. అడ్డరోడ్డు దగ్గర పక్క సందు ఎప్పుడూ చెవి పక్కనే ఉంటుందట. కాబట్టి ఈ వంపు చాలదట. మూడు తెరలు కావాలి, మధ్యది ఎదురుగా, రెండు పక్కలవీ సగం తీసిన తలుపుల్లా లోపలికి వాలి ఉండాలి. షాపువాడు ఒకేలాంటివి రెండే ఉన్నాయని, మూడోది కొంచెం పెద్దది సర్దుకోమని నీళ్ళు నమిలాడు. ఒకే ఫ్రేములో ఒక అద్దం చిన్నది, ఒక అద్దం పెద్దది పెట్టి మీకిస్తే మీరు పెట్టుకుంటారా అని ఆయన నెమ్మదిగా అడిగాడు. గోడౌన్లోంచి మూడోది, అచ్చం అలాంటిదే, పది నిమిషాల్లో వచ్చింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో మొగుడి మాట బయట చెల్లడం బ్రేకమ్మ అప్పుడే చూసింది. కాస్త ముచ్చటేసింది కూడా, పైకి చెప్పలేదు గానీ.

తెచ్చాక తగిలించడం ఆమె పని, గుర్తులు రాయడం ఆయన పని. ఆయన రాత ముత్యాల్లా ఉంటుంది. షాపులో కళ్ళజోళ్ళకి అంటించే చిన్న కాగితాల మీద కుడి, మధ్య, ఎడమ అని రాసి, తెరలకేసి ఒకసారి నిదానంగా చూసి, వాటి వీపుల మీద ఒక్కొక్కటి అంటించాడు. ఆమె బల్ల వెనక్కి దూరి, మోకాళ్ళ మీద కూర్చుని తీగలు పెట్టింది. మూడూ పెట్టి మీట నొక్కితే మూడూ సిగ్నల్ లేదన్నాయి. కంప్యూటర్ని తిట్టింది, తమ్ముణ్ణి తిట్టింది, ఫోన్ చేసి మళ్ళీ తిట్టింది. పై వరస కన్నాల్లో పెట్టావా, కింద వరసలోనా అని వాడడిగాడు. కన్నం కన్నమేగా అంది. కాదక్కా, ఆట బొమ్మలు కింద అడ్డంగా ఉన్న కార్డులోంచే వస్తాయి, పైవాటిని మర్చిపో అన్నాడు. కింద పెట్టింది, తెరలు వెలిగాయి. ఏ బొమ్మ ఏ తెర మీదకి పోవాలో వాడు చెప్పినట్టే చేసింది. వీపున కుడి అని ఉన్నదానికి కుడి పక్క రోడ్డు, ఎడమ అని ఉన్నదానికి ఎడమ పక్క రోడ్డు, కాగితం మీద రాత తు.చ. తప్పకుండా.

ఆదివారం మధ్యాహ్నం ఆయన రేసు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అలవాటు కొద్దీ ఎడం పక్కన స్టూలు వేసుకుంది. ఎర్రటి రేసు కారు, గంటకి ఇరవై కిలోమీటర్లు, మలుపు మలుపుకీ సిగ్నలు. వెనకొచ్చే కార్లకి మాటలొస్తే ఏమనేవో గానీ, ఆయన మాత్రం పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడుపుతున్నాడు. కుడికి అంది. ఆయన మొహం యథాప్రకారం ఇటు తిప్పాడు. కసరబోయి నోరు తెరిచింది, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పక్కనుంచి వస్తున్న లారీ కోసం ఆగి, అది పోయాక, కారుని చక్కగా కుడికి తిప్పాడు మనిషి. ఎడమకి అంది, అదీ అంతే శుభ్రంగా తిప్పాడు. గంటసేపు ఎక్కడా గీత పడలేదు.

అలా నాలుగు రోజులు నడిచింది. బ్రేకమ్మ కాళ్ళు నేల మీద ఆగలేదు. ఇదంతా తన పాఠం మహిమేనని తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది, వాడు నమ్మలేదని రెండోసారి చేసి చెప్పింది. ఐదో రోజు, ఇంకా నాజూగ్గా ఎలా తిప్పాలో చూపిస్తాను లేవండని ఆయన్ని లేపి, తనే కుర్చీ ఎక్కింది.

నిమిషం కాలేదు, కుడి సందు ఖాళీగా ఉందని చూసుకుని తిప్పితే ఒక లారీ వచ్చి ఇరవై రెండేళ్ళ అనుభవాన్ని గుద్దేసింది. రెండోసారి బస్సు గుద్దింది. వెనక నిలబడ్డ ఆయన భుజాలు కదులుతున్నాయి. శబ్దం బయటకి రాకుండా నవ్వడం ఆ మనిషికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆమె కొరకొరా ఒక చూపు చూసి, మళ్ళీ తెరలకేసి చూసింది. నేర్పేవాళ్ళ కళ్ళెప్పుడూ ఎదురు రోడ్డు మీదే ఉంటాయి కదా, నాలుగు రోజులూ మధ్య తెర తప్ప ఏదీ పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే కుడి సందు ఎడం తెరలో ఉంది, ఎడం సందు కుడి తెరలో ఉంది.

లేచి బల్ల వెనక్కి వెళ్ళి, ఎడం తెర వీపున అంటించిన కాగితం పీకి తెచ్చి ఆయన ముందు పెట్టింది. కుడి అని ఉంది. ఇదేం రాత అని అడిగింది.

"కుడేగా. నాకెదురుగా కూర్చున్నప్పుడు దాని కుడి."

ఆయన అది చాలా మామూలుగా చెప్పాడు. షాపులో మనుషులు ఆయనకి ఎదురుగా కూర్చుంటారు. వాళ్ళ కుడి కన్ను ఆయన ఎడం చేతి వైపుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా, రోజుకి ఎన్నిసార్లో, చీటీ మీద కుడి అని చదివి ఎడం పక్కకి చెయ్యి చాపడమే ఆయన పని. తెరలు కూడా ఎదురుగా నిలబడి ఆయనకేసి చూస్తున్నాయాయె, కస్టమర్లకి రాసినట్టే వాటికీ రాశాడు. తెరల వెనక కూర్చున్న ఆమెకి కుడి అని రాసింది తన కుడి చేతి పక్కనే కనబడింది, అనుమానం ఎందుకొస్తుంది?

తిట్టడానికి మాటలు పోగుచేసుకుంటూనే ఆమె తీగలు రెండూ అటూ ఇటూ మార్చి, ఆయన్ని కూర్చోమంది. మొదటి మలుపులోనే గుద్దాడు. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగు రోజుల మొనగాడు ఏమైపోయాడు? అప్పుడు బ్రేకమ్మ ఒక పని చేసింది. తెరల వెనక్కి వెళ్ళి నిలబడి, రోడ్డునొదిలేసి ఆయన కళ్ళని మాత్రమే చూస్తూ, కుడికి అంది. కళ్ళు ఆయన ఎడమకి పోయాయి. ఒక్క క్షణం తర్వాత చేతులు స్టీరింగుని కుడికి తిప్పాయి. ఎడమకి అంది. కళ్ళు కుడికి పోయాయి, చేతులు ఎడమకి తిప్పాయి.

ఆమె స్టూలు మీద కూలబడింది. మనిషి చూడకపోవడమేమిటి? చూస్తూనే ఉన్నాడు, ప్రతి మలుపులోనూ, ఐదు పరీక్షల్లోనూ. కుడి అన్న మాట చెవిన పడగానే ఆయన కన్ను ఇరవై ఆరేళ్ళుగా పోతున్న వైపే పోతోంది. నా మొహంలో ఏముందని తను కసిరిన ప్రతిసారీ ఆయన సందు కోసమే చూశాడు, మధ్యలో తన మొహం అడ్డమొచ్చింది. ఆమెకి సిగ్గేసింది, తర్వాత ఆయన మీద జాలేసింది, ఆ తర్వాత రెండూ కలిసి కోపంగా మారాయి. తప్పు ఒప్పుకునే అలవాటు లేనివాళ్ళకి అంతేగా మరి.

అందుకే ఆ రోజు ఆ సంగతేమీ ఎత్తకుండా ఒక్క మాటే చెప్పింది.

"రేపట్నించి కుడీ లేదు, ఎడమా లేదు. మీ వైపు, నా వైపు. అంతే."

డ్రైవరు కూర్చునే పక్క మీ వైపు, నేర్పేవాళ్ళు కూర్చునే పక్క నా వైపు. మీ వైపు అనగానే ఆయన కళ్ళు తన కిటికీలోకి పోయాయి, నా వైపు అంటే ఆమె కేసి వచ్చాయి. పది రోజులు మూడు తెరల ముందు, మూడు రోజులు అసలు కారులో తిరిగారు. ఎక్కడా పొరపాటు లేదు. కాకపోతే పరీక్షలో ఇన్‌స్పెక్టరు కుడి, ఎడమ అంటాడు కదా. వెళ్ళి ఆయనకి ముందే చెప్పుకుందామని రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ వీధి చివర్నుంచి వెనక్కొచ్చింది. నా మొగుడికి కుడి ఎడమలు తెలియవని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఆ సంగతి నాకొదిలెయ్ అన్నాడు కళ్ళద్దాలాయన.

పరీక్ష రోజు ఆమె లైసెన్సు ఆఫీసు ఆవరణలో బెంచీ మీద కూర్చుంది. పక్క వీధి ఆయన కూడా తన శిష్యుల్ని వెంటేసుకుని వచ్చాడు. దగ్గరకొచ్చి నమస్కారం పెట్టి, మీ ఆయనగారికి మా దగ్గర సీటు ఖాళీగానే ఉంచానండీ అని ఎంతో వినయంగా అన్నాడు. ఆమె గేటు వైపే చూస్తూ కూర్చుంది.

కారు తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగి నేరుగా ఆమె దగ్గరకొచ్చాడు. మీ ఆయన పరీక్షకొచ్చాడా, నాకు పరీక్ష పెట్టడానికొచ్చాడా అని మొదలుపెట్టాడు. కుడికి అన్నప్పుడల్లా, మీ వైపా నా వైపా అని అడిగాడట. మొదట్లో విసుక్కున్నాడట, రెండు మలుపులయ్యేసరికి తనే మీ వైపు, నా వైపు అనడం మొదలెట్టాడట. ఇలా ప్రతి సందూ చూసి తిప్పినవాణ్ణి ఈ మధ్య చూడలేదన్నాడు. కాగితం మీద సంతకం పెట్టి ఆమె చేతికిచ్చి పోయాడు.

ఆమె కాగితం పట్టుకుని వెళ్ళి కారులో ఆయన పక్కన కూర్చుని తలుపేసుకుంది.

"ఐదుసార్లూ మీరు చూస్తూనే ఉన్నారు. నేనే మీకేసి చూడలేదు. తప్పింది నేను."

"ఏమన్నావ్?"

"వినబడిందిగా."

"నాకు వినబడింది," అన్నాడు కళ్ళద్దాలాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "పక్క వీధి ఆయనకే వినబడి ఉండదు."

ఆమె ఆయనకేసి చూసింది. నవ్వడం లేదు, అలాగని నవ్వకుండానూ లేడు. కిటికీ అద్దం కిందికి దించి, బెంచీ దగ్గర శిష్యుల మధ్య నిలబడ్డ పక్క వీధి ఆయన్ని ఇటు రమ్మని పిలిచింది. అతను శిష్యులతో సహా వచ్చి నిలబడ్డాక, ఆ మాటే, ఒక్క అక్షరం తగ్గించకుండా, మళ్ళీ చెప్పింది.