అర శ్రుతి తేడా

ఆ బ్యాండులో అతన్ని అందరూ స్తంభం అనేవారు. గాయకుడు గంతులేసేవాడు, గిటారువాడు జుట్టు విరబోసుకుని పూనకం వచ్చినట్టు ఊగేవాడు. ఇతను మాత్రం బేస్ గిటారు భుజాన తగిలించుకుని డ్రమ్ముల పక్కన పాతేసినట్టు నిలబడేవాడు. పగలు మోటార్ల వైండింగ్ పని, సాయంత్రం రాక్ సంగీతం. డ్రమ్ముల మీది ఇత్తడి సింబల్స్ మోతకి ఎడమ చెవి అప్పగించి ముప్ఫై ఒక్క ఏళ్లు అలాగే నిలబడ్డాడు.

చెవులు పోతున్న సంగతి ముందు భార్యే కనిపెట్టింది.

"బ్యాండువాళ్లకి చెప్పెయ్యండి."

"చెబితే ఇంట్లో కూర్చోబెడతారు. ఇంట్లో ఏం చెయ్యను? నీ తిట్లు కూడా వినబడవాయె."

గాయకుడికి యాభై దాటాక పైస్థాయి అందడం మానేసింది. అతని గొంతు కోసం అందరూ తీగలు అర శ్రుతి దించి వాయించడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం కచేరీకి ముందు ఇతను కొత్త తీగలు వేసి, శ్రుతి చూపే మీటరు ముల్లు చూసుకుంటూ బిగించాడు. చేతులు పాత అలవాటుకొద్దీ పాత శ్రుతికే బిగించేశాయి. వానవల్ల ఆలస్యమై, సౌండ్ చెక్ లేకుండానే వేదిక ఎక్కేశారు.

మొదటి పాటలో గిటారువాడు గుడ్లురిమితే హుషారు అనుకుని తనూ ఒక నవ్వు విసిరాడు. రెండో పాటలో ముందు వరసవాళ్లు చెవులు మూసుకుంటే, ఇవాళ దుమ్ము లేపుతున్నాం అనుకుని ఇంకా గట్టిగా మీటాడు. మూడో పాట మధ్యలో డ్రమ్ములు ఆగిపోయాయి. వాటిని వాయించే అతని బావమరిది లేచొచ్చి కుడి చెవిలో అరిచాడు.

"బావా! మొదటి పాట నుంచీ తప్పు శ్రుతిలో వాయిస్తున్నావు, తెలుసా?"

తెలీదు. ఆ తెలీకపోవడమే అందరికీ తెలిసిపోయింది.

గాయకుడు కోప్పడలేదు. సామాను సర్దుతూ, "రెండు వారాలు రెస్ట్ తీసుకో గురూ" అని భుజం తట్టాడంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

మూడో వారం ఎవరూ కబురు చెయ్యలేదు. తనే వెళ్లాడు. సాధన చేసుకునే షెడ్డుకి షట్టరు దించి ఉంది. లోపల మొదలుపెట్టారో లేదో తెలియక అరచెయ్యి ఆన్చి చూశాడు. ఇనుము వణుకుతోంది. డ్రమ్ముల దరువు కింద ఇంకొకటి, మందంగా, నిలకడగా. బేస్.

పాట అయ్యేదాకా చెయ్యి తియ్యలేదు. తన చోట వాయిస్తున్నవాడు ఎక్కడైనా తడబడతాడేమోనని కాచుకున్నాడు. తడబడలేదు.

ఇంటికొస్తే భార్య ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేట్టు అడిగింది.

"ఏమన్నారు?"

"తలుపు కొట్టలేదు. కుర్రాడెవరో, బాగానే వాయిస్తున్నాడు."