పసుపు నక్షత్రం కుట్టిన దారం

మా స్కూల్లో సోమవారం ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు కత్తెర పట్టుకుని వరసల మధ్య తిరుగుతాడు. పిల్లల మణికట్టుకి కట్టిన రంగు దారాలు కత్తిరించి ప్లాస్టిక్ బకెట్లో పడేస్తాడు. వారం సగానికల్లా అవే చేతులకి అవే రంగుల్లో కొత్త దారాలు వచ్చేస్తాయి. కోవిల్‌పట్టి వైపు పాఠాలు చెప్పినవాళ్ళకి ఆ దారాలేమిటో వివరించక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: ఒక్కో కులానికి ఒక్కో రంగుల జత. చెయ్యెత్తితే చాలు, వాడెవడో, ఎవరి పక్కన కూచోవాలో, ఎవరితో తన్నుకోవాలో తెలిసిపోతుంది. ఆ రంగులు నేనిక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు కూడా ఏది ఎవరిదా అని చూడటం మొదలుపెడతారు. ఆ పని చేసేవాళ్ళు మాకు చాలినంతమంది ఉన్నారు.

నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెప్తాను. కాపురం విరుదునగర్‌లో. పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో పోతాను. బడిలో నోరు తెరిస్తే తమిళం, ఇంట్లో ముత్తాతల నాటి తెలుగు. నాకు ముక్కు మీదే కోపం అని పిల్లలు నా వెనక చెప్పుకుంటారు. అబద్ధమేం కాదు. కత్తెరతో పోయే రోగమైతే ఈపాటికి పోయుండేది సార్ అని అందరి ముందూ అన్నందుకు హెడ్మాస్టరు నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

మా తరగతిలో ఒక అమ్మాయి చేతికి ఏ దారమూ ఉండదు. ఎట్టయాపురం వైపు పల్లె నుంచి బస్సులో వస్తుంది. వాళ్ళ వీధి ఊరికి ఎడంగా ఉంటుంది. ఉన్నదే నాలుగిళ్ళవాళ్ళు, రంగు కట్టుకుని నిలబడే బలం వాళ్ళకి లేదు. ఖాళీ చెయ్యే ఆ పిల్లకి గుర్తు. ఈసారి క్వార్టర్లీ పరీక్షల్లో ఆ పిల్లకి అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. దాంతో మొదలైంది. బస్సులో ఆ పిల్ల కూచోగానే పక్కవాళ్ళు లేచి పోవడం, సంచిలో చెత్త వేయడం, చివరికొకరోజు పుస్తకాలన్నీ కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేయడం.

కొన్నాళ్ళకి వాళ్ళమ్మ వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. లోపలికి రమ్మన్నా రాకుండా స్టాఫ్ రూము గుమ్మం బయటే నిలబడి, కూతురికి టీసీ కావాలని తమిళంలో అడిగింది. నూలు మిల్లులో చేర్చి అక్కడి హాస్టల్లోనే ఉంచేస్తుందట. ఏం చెప్పాలా అని నేను తడుముకుంటుంటే మా అత్తగారు ఫోన్ చేసింది, పప్పు నానబొయ్యాలా వద్దా అని. తెలుగులో జవాబు చెప్పి ఫోన్ పెట్టేసేసరికి ఆ తల్లి మొహం విప్పారి ఉంది.

"మీరూ మన మాటేనా టీచరమ్మా?" అంది తెలుగులో.

అచ్చం మా ఇంటి తెలుగు. మా అవ్వ నోట విన్న యాసే. వాళ్ళ పెద్దలూ మా పెద్దలూ ఎప్పుడో ఒకే దిక్కు నుంచి ఈ నల్లరేగడి నేలకి వచ్చి ఉంటారు. మావాళ్ళకి పొలాలు దక్కాయి, వాళ్ళకి ఊరవతల వీధి దక్కింది.

"ఆమా, మన మాటే" అన్నాను.

"అట్లయితే మీకు చెప్పొచ్చు. బిడ్డకి రొంబ బయంగా ఉండాది. బువ్వ తినదు. సదువు నాకొద్దుమా అంటా ఉండాది. నేనేం చేసేది?"

"హాఫ్ ఇయర్లీ దాకా ఓర్చుకో. పిల్లకాయల్ని నేను దారికి తెస్తా. నీ బిడ్డని పోనియ్యను" అన్నాను.

"మీరు చెప్తే సరి. మన మాటోళ్ళు మీరు, మిమ్మల్ని నమ్మకుంటే ఇంకెవుర్ని నమ్మేది" అని ఆమె టీసీ అడక్కుండా వెళ్ళిపోయింది. ఆ రోజు రైల్లో కూచున్నాక గానీ నేనెంత మాట ఇచ్చానో నాకు తెలిసిరాలేదు.

జర్మనీలో యూదులకి జరిగింది మా పుస్తకంలో ఉంది. రెండు పీరియడ్లలో ముగించి పరీక్షకి పోవాల్సిన పాఠం. నేను దాన్ని రోజుల తరబడి చెప్పాను. ఒక్కసారిగా చంపలేదని చెప్పాను. ముందు పార్కుల్లో వేరే బల్లలు, తర్వాత బళ్ళలోంచి పిల్లల్ని వెళ్ళగొట్టడం, ఆ తర్వాత బట్టల మీద పసుపు నక్షత్రం, అప్పుడు రైళ్ళు, చివరికి విషవాయువు. పసిపిల్లల చెప్పులు గుట్టగా పడున్న ఫొటో చూపించినప్పుడు వెనక బెంచీల్లో కూడా ముక్కులు చీదుకున్నారు.

"వాళ్ళు చూట్టానికి వేరేగా ఉంటారా మిస్?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఉండరు. అందుకే గుర్తు కుట్టించారు" అన్నాను.

"మరి పక్కింటోళ్ళు చూస్తా ఊరుకున్నారా మిస్? సిగ్గు లేదా వాళ్ళకి?" అని మండిపడ్డాడు ఒకడు. తరగతిలో అందరికన్నా మందంగా దారం కట్టేది వాడే. నా మనసు పొంగిపోయింది. బెల్లు కొట్టాక కుళాయి దగ్గర చేతికి దారం లేని ఆ అమ్మాయి సీసా నింపుకుని పక్కకి జరిగింది. వాడు ఆ కుళాయిని అరచేత్తో రుద్ది రుద్ది కడిగి, అప్పుడు దోసిలి పట్టాడు. కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి వాడివి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు సూటిగానే అడిగేశాను, మీ చేతి దారానికీ ఆ నక్షత్రానికీ తేడా ఏమిటని. మొదటి బెంచీ పిల్ల లేచి, "వాళ్ళకి బలవంతంగా కుట్టించారు మిస్. మేము ఇష్టంగా కట్టుకున్నాం. ఇది మాకు గౌరవం" అంది. మరి దారం లేని చేతికి గౌరవం ఏదని అడిగాను. ఆ అమ్మాయి చేతులు బెంచీ కిందికి దాచుకుంది. ఆ ప్రశ్న వేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఒకరోజు తరగతి మొత్తం, నాతో సహా, పసుపు నక్షత్రం పెట్టుకుందాం. ఆ రోజు ఎవరి చేతికీ దారం ఉండకూడదు. అందరికీ ఒకటే గుర్తు ఉంటే ఎవరెవరో తెలియని తరగతి ఎలా ఉంటుందో ఒక్క పూటైనా చూద్దాం. పిల్లలు ఎగిరి గంతేశారు. విరుదునగర్ బజారులో పసుపు గుడ్డ కొని, నక్షత్రాలు నేనే కత్తిరించి పంచాను. పిన్నుతో పెట్టుకోవద్దు, ఆనాడు వాళ్ళని గట్టిగా కుట్టుకోమనేవాళ్ళు, మీరూ ఇంట్లో కుట్టించుకుని రండి అన్నాను.

సాయంత్రం రైలు స్టేషనుకి పోతుంటే బస్టాండు దగ్గర ఆ అమ్మాయి తల్లి ఎదురైంది. నక్షత్రాన్ని మడత పడకుండా రెండు చేతుల్తో పట్టుకుని ఉంది.

"దీన్ని ఏ రంగు దారంతో కుట్టాల టీచరమ్మా?"

"ఏ రంగయితే ఏముంది, ఇంట్లో ఏదుంటే దాంతో కుట్టు" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ రోజు నువ్వూ రా, నీ బిడ్డ అందరితో కలిసి కూచునేది చూద్దువుగానీ అన్నాను. అర పూట జీతం పోయినా వస్తానంది.

నా నక్షత్రం అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ కుట్టు పనికి మా చుట్టాల్లో మంచి పేరు. "జెర్మనీ వాళ్ళ కోసరం ఈడ నువ్వేమిటికే నెత్తి కొట్టుకునేది?" అని ఎకసక్కెం చేస్తూనే చీర భుజానికి అతికి కుట్టిపెట్టింది. రైలుకి టైమవుతోందని పరుగులో కట్టుకున్నాను. అద్దంలో చూసుకున్నాను కూడా. అంచు చుట్టూ సన్నటి గొలుసుకుట్టు. అందంగా ఉందనుకున్నాను.

తరగతిలోకి అడుగు పెట్టగానే గుండె నిండిపోయింది. ఒక్క చేతికీ దారం లేదు. గది నిండా పసుపు నక్షత్రాలు. చెప్పిన వేళకి ఆ తల్లి కూడా వచ్చి గుమ్మం బయట నిలబడింది. ఆమెకి చూపించాలని నేను బెంచీల మధ్యకి నడిచాను. దగ్గరికి పోయాక కనిపించింది. ప్రతి నక్షత్రం అంచునా రంగు దారమే. ఏ చేతి నుంచి ఏ రంగుల జత తీసేశారో అదే జత ఇప్పుడు గుండెల మీద ఉంది. కూచోవడం కూడా ఎప్పటి గుంపుల్లోనే కూచున్నారు.

"ఎవరు కుట్టారివి?" అని అరిచాను.

"అమ్మ కుట్టింది మిస్." "అవ్వ కుట్టింది మిస్." ఎవరి మొహంలోనూ వెటకారం లేదు, బెదురు లేదు. "చేతికే కదా మిస్ వద్దన్నారు?" అన్నారు. నక్షత్రమంటే ఎవరి గుర్తు వాళ్ళు వేసుకునేదని వాళ్ళకి అర్థమైంది. అన్ని రోజులు నేను చెప్పిన పాఠంలోంచి వాళ్ళ ఇళ్ళకి చేరింది అదే.

ఆ అమ్మాయి నక్షత్రం చూశాను. పసుపు గుడ్డకి పసుపు దారం. కుట్టు ఎక్కడుందో కనపడనంత సన్నంగా కుట్టింది వాళ్ళమ్మ. నేను అడిగింది అడిగినట్టు చేసిన ఇల్లు అదొక్కటే. అందుకే ఆ పిల్ల ఎవరో గదిలో అందరికీ తెలిసిపోయింది. ఆ బెంచీలో పక్కన ఎవరూ లేరు.

బల్ల సొరుగులోంచి కత్తెర తీశాను. హెడ్మాస్టరు కత్తెరని ఎగతాళి చేసిన నేనే తీశాను. "లేవండి. ఒక్కొక్కరూ రండి. విప్పేస్తాను" అన్నాను.

కుళాయి కడిగిన పిల్లవాడు లేచాడు. పొగరుగా అడగలేదు, మామూలుగానే అడిగాడు.

"ముందు మీది విప్పుతారా మిస్?"

భుజం వైపు చూసుకున్నాను. గొలుసుకుట్టులో పెనవేసుకుని రెండు రంగులు. విరుదునగర్‌లో మావాళ్ళ కల్యాణ మండపం మీద ఎగిరే జెండా రంగులు. వాటిని చూస్తూ పెరిగాను, వాటి కిందే పెళ్ళి చేసుకున్నాను. పొద్దున అద్దంలో అవి నాకు రంగుల్లా కనపడలేదు, అందంగా మాత్రమే కనపడ్డాయి. తల కొట్టేసినట్టయింది.

ఆ తల్లి కూడా నా భుజం వైపే చూస్తోంది. గబగబా బయటికి పోయాను. "మా అత్త కుట్టింది. నేను చూసుకోలేదు. నీ బిడ్డ మీద ఒట్టు, నిజంగా చూసుకోలేదు. ఇంకొక్క నెల ఆగు" అన్నాను, మా ఇద్దరి తెలుగులో.

ఆమె కోప్పడలేదు. నేను చెప్పిందంతా నిమ్మళంగా విని, లోపలికి చెయ్యి ఊపి కూతుర్ని పిలిచింది. పిల్ల సంచి సర్దుకుని వచ్చి పక్కన నిలబడ్డాక నావైపు తిరిగి తమిళంలో అంది:

"టీసీ ఇప్పించండి మేడమ్."