మెత్తబడిన బ్రేకు

ఐడెల్లా బ్రాండ్‌వోల్డ్ తన మోటార్‌సైకిల్‌ని ఏ మెకానిక్కుకీ అప్పగించదు. మోంటానా కొండల్లోని మా ఊరి నుంచి దిగువనున్న రంపపు మిల్లుకి రోజూ ఆ బండి మీదే పనికి వెళుతుంది. దారంతా మలుపులు, ఒక పక్క లోయ. అందుకే ఏటా మంచు కరగ్గానే షెడ్డులో కూర్చుని బ్రేకు ఆయిల్ తనే మారుస్తుంది. ఆమె ఇంట్లో అద్దెకుంటున్న నాది టార్చిలైటు పట్టుకునే పని.

ఈ మే నెలలోనూ అలాగే మొదలుపెట్టింది. చుక్క పడితే రంగు లేచిపోతుందని ట్యాంకు మీద పాత తువ్వాలు కప్పింది. ముందు చక్రం దగ్గరున్న చిన్న స్క్రూకి సన్నని గొట్టం తగిలించి, రెండో కొసను సీసాలో ముంచింది. హ్యాండిల్ మీది బ్రేకు లీవర్ నొక్కిపట్టి స్క్రూ వదులు చేయాలి, స్క్రూ బిగించాకే లీవర్ వదలాలి. పైన డబ్బాలో కొత్త ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండాలి. కాఫీ రంగు ఆయిల్ పోయి, తేటగా తేనెరంగుది వచ్చింది. గొట్టంలో బుడగలు ఆగిపోయాయి.

స్క్రూ బిగించి లీవర్ నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది.

"మెత్తగా ఉందే. బ్రేకు లోపల గాలి చేరినట్టుంది."

మళ్లీ మొదటి నుంచీ చేసింది. గొట్టంలో ఒక్క బుడగా కనబడలేదు.

"అయినా మెత్తగానే ఉంది. రేపు ఆ మలుపుల్లో బ్రేకు పట్టకపోతే?"

పరుగున వెళ్లి పక్కింట్లో ఉండే ఆమె తమ్ముడు ఆరిన్‌ని పిలుచుకొచ్చాను. అతను సాండ్‌విచ్ నములుతూ వచ్చాడు.

"ఏంటక్కా, నీ గుర్రం అలిగిందా?"

"వాగకురా. ముందు ఆ లీవర్ నొక్కు."

నొక్కాడు. లీవర్ కాస్త కదిలి ఆగిపోయింది.

"రాయిలా ఉంది కదక్కా! నాకేమన్నా పరీక్ష పెడుతున్నావా?"

"సరిగ్గా నొక్కరా, సన్నాసీ!"

"నీ మీదొట్టు. కావాలంటే ఈ అమ్మాయిని నొక్కమను."

నేనూ నొక్కాను. నిజంగానే గట్టిగా ఉంది. ఆ మాట చెబితే ఆమె భయం తీరుతుందనుకున్నాను. తీరలేదు. చేతి తొడుగు తీసి, కుడి అరచేతిని వెలుతురులో తిప్పి చూసుకుంది. మిల్లులో ఏళ్ల తరబడి అదిరే రంపాలు పట్టిన చేయి అది. ఎడమచేతి గోళ్లతో ఆ చేతి వేలికొసను గట్టిగా గిచ్చింది. ఎర్రగా గాటు పడింది. ఆమె ముఖంలో నొప్పి జాడ లేదు.

ఆరిన్ నమలడం మానేశాడు. "ఎన్నాళ్ల నుంచక్కా?"

"చలికి మొద్దుబారాయనుకున్నా," అంది మెల్లగా. "చలికాలం పోతే అదే పోతుందనుకున్నా."

తొడుగు పక్కన పెట్టి, "రేపు నీ ట్రక్కులో నన్ను మిల్లు దాకా దింపుతావా?" అని అడిగింది. ఆమె ఎవరినైనా అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. ఆరిన్ తలూపాడు. ఎప్పటిలా ఎగతాళి చేయలేదు.

ఆమె మాత్రం పీట మీంచి లేవలేదు. లీవర్ నొక్కుతూనే ఉంది, ఆ గట్టిదనం వేళ్లకి తెలుస్తుందేమోనని ఒకసారి కళ్లు తెరిచి, ఒకసారి మూసుకుని.