ఎదురింటి వాకిలి

దుబాయిలో మా పక్క ఫ్లాటు గుమ్మం ముందు స్టిక్కరు ముగ్గు చూసినప్పుడల్లా, ముత్తియాల్‌పేటలో మా ఎదురింటి అవ్వ గుర్తొస్తుంది.

ఆమె కొడుకు కువైట్‌లో ఉండేవాడు. అవ్వకు ఫోన్ చేస్తే ఎప్పుడూ బాగున్నాననే అంటుందని, రోజూ పొద్దున్నే మా ఇంటికి చేసేవాడు. "పాపా, అమ్మ ముగ్గేసిందా చూడు." ముగ్గు ఎలా ఉందో అడుగుతున్నాడనుకుని, "తామరపువ్వు మామా, ఒక రేకు వంకర" అనేదాన్ని.

ఒకరోజు వాకిలి బోసిగా ఉంది. "ముగ్గు లేదు మామా" అన్నాను. అవ్వకు తిట్లు తప్పవని నేను భయపడుతుంటే, ఆ మాట విన్న మా అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తి అవ్వ తలుపు బాదింది. ఎంతసేపటికో అవ్వ తీసింది.

"వీధి కొసన తెల్లార్తో సావైంది, తెలీదా? శవం ఎత్తకముందే ముగ్గేస్తారా ఏంది? పో, నువ్వేసింది తుడిచెయ్."

ఇప్పుడు ఆ వీధిలో మా ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. రోజూ నేను ఎదురింటి పాపకు ఫోన్ చేస్తాను.

"ఇయ్యాల నెమిలేసింది అత్తా, తోకేమో..."

నెమలి అనగానే ఊపిరి పీల్చుకుంటాను. తోక ఎలా ఉందో ఒక్కనాడూ వినలేదు.